చెయ్యెత్తిన వాళ్లని దాటిపోకు

ఒహాయో రాష్ట్రం,
4 జూన్ 1979

కారు నా చేతికిచ్చేశారమ్మా కృపా.

దీవెనలు రెండో వరుసలో రాస్తున్నానని ఎర్రసిరా తియ్యకు, టీచరమ్మవైతే అయ్యావు. శుభవార్త కడుపులో ఉంటే నాకు దీవెన నోటికి రాదు. మీ అమ్మ బతికున్న రోజుల్లో కూడా ఇదే గొడవ. నువ్వూ, జాన్ బాబూ ప్రభువు రెక్కల కింద సుఖంగా ఉండాలి. అయిపోయింది. ఇక కారు సంగతి.

అయిదేళ్ల కిందట మన మిషను ఆసుపత్రిలో రిటైరై వెళ్లిపోయిన ఎడిత్ డాక్టరమ్మ గారు, "నా కళ్లకి పొర కమ్మింది, నేను నమ్మి వెనక సీట్లో కూర్చోగలిగేది ప్రేమరాజు నడిపే బండిలోనే" అని నాకు టిక్కెట్టు పంపిస్తే ఊరంతా నవ్వింది. "ఆ దేశంలో డ్రైవర్లు కరువైపోనారేటి మావయ్యా" అన్నవాడు నీ మొగుడు జాన్ బాబే. బస్సు కండక్టర్లకి డ్రైవరంటే ఎప్పుడూ చిన్నచూపే.

నిజం చెప్పాలంటే ఆవిడ అన్నకొడుకు హెరాల్డ్ గారికి కూడా అదే అనుమానం. నేను విశాఖపట్నంలో తీయించుకున్న ఇంటర్నేషనల్ పర్మిట్టుని అటూ ఇటూ తిప్పి చూసి, నన్ను పచ్చికబీడులోకి తీసుకెళ్లి, ఆవుల మధ్య కారు నిలబెట్టి, కానిమ్మన్నారు. జీపు తీసే ముందు ఎప్పుడూ చేసినట్టే బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన మొదలుపెట్టాను. బానెట్ పెనంలా కాలుతోంది. ఆమెన్ కొంచెం తొందరగా వచ్చేసింది. తర్వాత ఠీవిగా తలుపు తీసి కూర్చుని చేతులు చాపితే ఎదురుగా స్టీరింగు లేదు. ఈ దేశంలో అది అటువైపు ఉంటుంది. హెరాల్డ్ గారు పెద్దమనిషి. నేను దిగి, చుట్టూ తిరిగి, రెండో తలుపు తీసుకుని కూర్చునేదాకా ఆవుల్నే చూస్తూ నిలబడ్డారు.

ఈ కారుకి క్లచ్చి లేదు. గేర్లు దానంతటదే మార్చుకుంటుంది. నా ఎడంకాలికి ఆ సంగతి ఎంత చెప్పినా ఎక్కడం లేదు. జీపులో చేసిన ఉద్యోగం మానలేక ఊరికే నేలని తొక్కుతూనే ఉంది.

బయల్దేరిన కాసేపటికే పొలంలో ట్రాక్టరు మీదున్న ఒకాయన నన్ను చూసి చెయ్యెత్తాడు. ఆపకుండా ఎలా పోతాను? చింతపల్లి ఘాటు రోడ్డులో మన జీపొక్కటే తిరిగే కాలంలో డాక్టరమ్మ గారు పెట్టిన చట్టం నీకు తెలుసు: చెయ్యెత్తిన వాళ్లని దాటిపోకు. నొప్పులు పడుతున్న మనిషో, పాము కరిచిన మనిషో, ఊరికే సంతకెళ్లే మనిషో, ఎక్కించుకున్నాకే అడగాలి. కారు పక్కకి తీసి, వెనక తలుపు తెరిచి, దయచేయండి అన్నట్టు నిలబడ్డాను. ఆయన ట్రాక్టరు దిగి, టోపీ తీసి, తల గోక్కుని, నన్నూ తలుపునీ మార్చి మార్చి చూశాడు. వెనక సీట్లో కునుకు తీస్తున్న డాక్టరమ్మ గారు లేచి, అచ్చం మన రోడ్డు మీద ఉన్నట్టే, "ఎవులు ప్రేమరాజూ, ఏటైంది?" అన్నారు. తర్వాత వాళ్లిద్దరూ ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆయన కారెక్కలేదు కాని, ఓ బుట్టెడు స్ట్రాబెర్రీ పళ్లు ఎక్కించాడు.

"ఎందుకెక్కలేదండీ" అని అడిగాను.

"ఏదో పని గుర్తొచ్చిందట" అన్నారు డాక్టరమ్మ గారు, పండు కొరుకుతూ.

పాపం ఇక్కడ బస్సు సౌకర్యం బొత్తిగా లేదమ్మా. ఇంత పొడుగు రోడ్డు మీద యలమంచిలి బస్సులాంటిది ఒక్కటి కనబడలేదు.

మా ప్రయాణం ఇలా. ఒహాయో నుంచి ఇండియానా, ఇల్లినాయి, ఐయోవా దాటి నెబ్రాస్కా దాకా. మన ఆసుపత్రికి కట్లకోసం పాతదుప్పట్లు చింపి చుట్టలు చుట్టి పంపిన చర్చి ఆడవాళ్లందరినీ పలకరించుకుంటూ, ఒక్కోచోట కొన్నాళ్లు ఆగుతూ వెళ్తాం. చివర నెబ్రాస్కాలో ఏదో పెద్ద హోమ్ ఉందట, అక్కడ డాక్టరమ్మ గారికి గది సిద్ధం చేశారట. గెస్ట్ హౌస్ కాబోలు. బహుమతుల సామాను చాలా ఉంది. రెండు ట్రంకు పెట్టెలు, ఒక బల్ల దీపం, దుప్పట్లో చుట్టిన గోడ గడియారం. ఆ గడియారాన్ని ఎవరికీ ఇవ్వకుండా ఒళ్లోనే పెట్టుకు కూర్చుంటారావిడ.

ఏ ఉత్తరం ఏ చర్చికి రాయాలో అడ్రసులు వేరే కాగితం మీద ఉన్నాయి.

స్టీరింగు ఎటువైపుందో ఇప్పుడు బాగా తెలిసిన మీ నాన్న,
ప్రేమరాజు

*

నర్సీపట్నం,
18 జూన్ 1979

నాన్నా,

నీ ఉత్తరం నేను ఇంట్లో చదువుకుని ఊరుకోవాల్సింది. బుద్ధి తక్కువై పాస్టరు గారికి చెప్పాను. ఆయన ఆదివారం ప్రకటనల తర్వాత నన్ను నిలబెట్టి చదివించారు. ఆవుల దగ్గర అందరూ నవ్వారు. ట్రాక్టరాయన చెయ్యెత్తిన దగ్గర మాత్రం దీనమ్మత్త పైట కొంగు కళ్లకద్దుకుంది.

నీ అక్క సంగతి నీకు కొత్తగా చెప్పాలా? ఆరాధన అవగానే స్త్రీల సమాజాన్ని మెట్ల మీదే నిలబెట్టి, "మనకి మందులు పంపినారు, కట్లు పంపినారు, సలికాలంలో బొంతలు పంపినారు. ఇయాల ఆళ్లే బస్సు లేక రోడ్లమ్మట సేతులెత్తుకుని నిలబడతన్నారట. మనం సూస్తా కూకోడమేనా?" అంది.

"అత్తా, వాళ్లకి కార్లూ ట్రాక్టర్లూ ఉన్నాయి" అన్నాను.

"ఉంటే సెయ్యెందుకెత్తుతారే?"

ఇంటికొచ్చి ఈయన్ని అడిగాను. "నా సర్వీసులో ఊరికే సెయ్యెత్తినోడు ఒక్కడూ లేడు" అన్నాడు కండక్టరు గారు. దాంతో అత్త మాటే ఖాయమైంది. ఈ మూడు నెలల పిడికెడు బియ్యం అమెరికా రోడ్ల మీద నిలబడ్డ వాళ్లకే అని తీర్మానం. మా ఇంట్లో కూడా రెండు పూటలా ఎసరు పెట్టేముందు ఓ పిడికెడు తీసి దేవుడి కుండలో పోస్తున్నాను. నువ్వెక్కించుకోని మనిషి కోసం నేనిక్కడ కొలత తగ్గించి వండుతున్నానన్న మాట.

అది సరే. నాకొక సందేహం, కోప్పడకు. గెస్ట్ హౌస్‌కి వెళ్లే మనిషి గోడ గడియారం ఎందుకు మోసుకెళ్తుంది? బహుమతైతే ఒళ్లో ఎందుకు పెట్టుకుంటుంది? పాస్టరు గారిని అడిగాను. ఆ దేశంలో ముసలివాళ్లని ఉంచి చూసుకునే ఇళ్లని కూడా హోమ్ అనే అంటారట. నువ్వు ఆవిణ్ణి తిప్పడానికి తీసుకెళ్తున్నావో, దిగబెట్టడానికి తీసుకెళ్తున్నావో ఒకసారి కనుక్కో నాన్నా. నన్ను కడుపులోంచి తీసిన చెయ్యి ఆవిడది. నాకు తెలియాలి.

తొలకరి పడింది. జీడిమామిడి పిక్కలు ఎండబెట్టి దాచాను.

బానెట్ వేడి తగ్గాకే ప్రార్థన చెయ్యమని చెప్పే నీ కూతురు,
కృపామణి

*

ఇల్లినాయి రాష్ట్రం,
2 జూలై 1979

మన డాక్టరమ్మ గారు మళ్లీ డాక్టరైపోయారమ్మా కృపా.

నీ ఉత్తరమింకా నన్ను అందుకోలేదు. నేనే మరీ జోరుగా పోతున్నానో, అదే మెల్లగా వస్తోందో. నువ్వు బాగున్నావనే నమ్మకంతో నా గొప్పలు రాస్తున్నాను.

మొన్న ఒకాయన నిచ్చెన మీద నిలబడి గడ్డిసాలకి ఎర్రరంగు వేస్తూ, నన్ను చూసి బ్రష్షుతో సహా చెయ్యెత్తాడు. ఎత్తడమే కాదు, ఊపాడు. ఇది ప్రాణం మీదకొచ్చిన వ్యవహారమే అనుకుని కారుని వాకిట్లోకి తోలేశాను. ఆయనకేమీ కాలేదు. లోపల మాత్రం వాళ్ల పసిపిల్ల ఒకటే ఏడుపు, ఒక చెయ్యి కదపడం లేదు, తల్లికి ఏం చెయ్యాలో తోచడం లేదు. డాక్టరమ్మ గారు గడియారాన్ని నా చేతిలో పెట్టి, మెట్లు తడుముకుంటూ లోపలికెళ్లారు. కళ్లు మూసుకున్నారు. ఎలాగూ కనబడవు కదా అన్నారు. వేళ్లతో ఆ పిల్ల మోచెయ్యి పట్టుకుని ఒక్క మెలిక తిప్పారు, అంతే. కాసేపటికి ఆ పిల్ల అదే చేత్తో ఆవిడ కళ్లజోడు లాగేసింది. ఆ పూట డాక్టరమ్మ గారు భోజనం రెండుసార్లు పెట్టించుకున్నారు. ఒహాయోలో పిట్టలా తిన్న మనిషి.

ఇంకా చాలా కనిపెట్టాను. ఈ దేశంలో ప్రతి ఇంటి ముందూ రోడ్డు పక్కన గుంజ మీద ఒక రేకు పెట్టె ఉంటుంది. ఎంత భక్తి, ప్రతి ఇంటికీ కానుక పెట్టె కట్టుకున్నారు అనుకుని, ఒకచోట దిగి, చిన్న బిళ్ల వేసి, తలవంచి ప్రార్థన చేశాను. కళ్లు తెరిస్తే ఇంటావిడ పక్కనే నిలబడి ఉంది. అది వాళ్లకి ఉత్తరాలొచ్చే పెట్టెట. డాక్టరమ్మ గారు ఆవిడకి ఏం చెప్పారో కాని, ఆవిడ నా బిళ్ల తిరిగివ్వబోయి, మనసు మార్చుకుని, లోపలికి పిలిచి కాఫీ ఇచ్చింది.

పెట్రోలు కొట్టించిన చోట మన జీడిపప్పు డబ్బాలో కనబడింది. ప్రాణం లేచొచ్చింది. ఇది మా ఊరి చెట్టుదే, పండు కింద పిక్క బయట వేలాడుతుంది అని బొమ్మ గీసి మరీ చూపించాను. కొట్టువాడు నన్ను జాలిగా చూశాడు. పిక్క పండు బయట ఉండడమేమిటని వాడి బాధ. చదువులేని నా మాట ఎవడు నమ్ముతాడు?

డాక్టరమ్మ గారు నిన్న అన్నారు: "నువ్వు బండి తోలతా ఉంటే, ప్రేమరాజూ, నానెక్కడికీ సేరకపోయినా పరవాలేదు." ఇలాగే ఆవిడతో ఏళ్ల తరబడి ఈ రోడ్ల మీదే ఉండిపోవాలనిపిస్తోందమ్మా.

కానుక పెట్టె కనబడితే ముందు అడిగి వేసే మీ నాన్న,
ప్రేమరాజు

*

నర్సీపట్నం,
16 జూలై 1979

నాన్నా,

తిరుగు టిక్కెట్టు నీ పెట్టెలోనే ఉందా? ముందు అది చూసి తర్వాత మిగతాది చదువు.

ఈసారి చర్చిలో చదవనన్నాను. అత్త నా చేతిలోంచి ఉత్తరం లాక్కుని, కళ్లజోడు లేకపోయినా చివరి వాక్యాలు మాత్రం బాగానే కూడబలుక్కుంది. ఇక చూడు. "ఏళ్ల తరబడి ఉండిపోతాడట. నా తమ్ముడు ఈ వయసులో దొరసానిని ఎక్కించుకుని దేశాలట్టుకు తిరుగుతున్నాడు, సంఘంలో తలెలాగెత్తుకోను?" అని కూర్చుంది. "అత్తా, ఆవిడ వెనక సీట్లో కూర్చుంటారు" అంటే, "ముందు సీటుకి రావడానికి ఎంత సేపే?" అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రాత్రి అన్నం తింటుంటే మాత్రం ఏడుపే వచ్చింది. ఆ రోడ్లు అంత బాగున్నాయా నాన్నా? నా మొదటి ఉత్తరంలో అడిగినదానికి జవాబు లేదు. అందలేదో, అందినా చెప్పడం ఇష్టం లేదో.

బియ్యం సంగతి. కుండ బస్తా అయింది, బస్తా రెండైంది. బలిఘట్టం నుంచి అప్పయమ్మ కూడా గిన్నెడు తెచ్చింది, మన చర్చి మనిషి కాకపోయినా. "నాను రోడ్డు మీద నొప్పులు పడతా సెయ్యెత్తితే జీపాపి ఎక్కించుకున్నారు. నా కొడుకు అందులోనే పుట్టినాడు. ఆళ్లూరోళ్లకి బండి లేకపోతే నానియ్యనా?" అంది. ఆవిడ ముందు ఇంక నేనేం మాట్లాడతాను? యలమంచిలిలో ధర బాగుందని ఈయనే బస్తాలు బస్సు పైకెక్కించి తీసుకెళ్లాడు.

కోపంగా రాశాను. అయినా ఇదంతా నువ్వు చదివి నవ్వుతావని తెలుసు.

నీ కూతురు,
కృపామణి

*

ఐయోవా రాష్ట్రం,
20 జూలై 1979

మీ నాన్న మూర్ఖుడని ఈ దేశంలో కూడా రుజువైందమ్మా కృపా. ఇదీ ఒక శుభవార్తే, ఎందుకంటే నవ్విన వాళ్లందరూ కడుపునిండా నవ్వారు.

నీ మొదటి ఉత్తరం ఇప్పుడే చేరింది. అది చదివిన సాయంత్రమే చర్చివాళ్లు మాకు విందు పెట్టారు. మొక్కజొన్న పొత్తులు ఉడికించి, వెన్న పూసి, కుర్రాళ్ల నుంచి పాస్టరు దాకా అందరూ రెండు చేతులా పట్టుకుని కొరుకుతున్నారు. నేను లేచి, నాకొచ్చిన ఇంగ్లీషులో, మీ రోడ్డు మీద ఇంతమంది బస్సు లేక చేతులెత్తుకుని నిలబడుతున్నారు, మా ఊరి ఆడవాళ్లు మీకోసం పిడికెడు బియ్యం తీస్తున్నారు, ధైర్యంగా ఉండండి అని చెప్పాను. కాసేపు ఎవరూ కొరకలేదు. తర్వాత ఒక రైతు మెల్లగా లేచి, కుర్చీని కారులా పట్టుకుని, స్టీరింగు మీంచి ఒక్క వేలెత్తి చూపించాడు. ఇదిగో, ఇది పలకరింపు అన్నాడు. ఇక్కడ తెలిసినవాడైనా తెలియనివాడైనా ఎదురైతే చెయ్యెత్తుతారట. అంతే. ఏమీ అక్కర్లేదట.

అంటే ఇన్నాళ్లూ నాకు నమస్కారం పెట్టిన ప్రతి మనిషినీ కారెక్కించుకోబోయాను.

బల్లలు కదిలిపోయేలా నవ్వారమ్మా. నేనూ నవ్వాను, వేరే దారిలేక. ఒకావిడ నవ్వి నవ్వి, తర్వాత మన పిడికెడు బియ్యం గురించి మళ్లీ చెప్పమని, విని, ఏడ్చేసింది. ఆవిడ ముప్ఫై ఏళ్లు మనకి కట్లు చుట్టిందట. తిరిగి తనకోసం ఎవరైనా ఏదైనా తీసిపెట్టారని ఎప్పుడూ అనుకోలేదట.

మర్నాడు కారులో అడిగాను, కోపంగానే. "మీకు మొదటి నుంచీ తెలుసు కదండీ. నన్నెందుకు చెప్పకుండా వెర్రివాణ్ణి చేశారు?"

డాక్టరమ్మ గారు గడియారాన్ని ఒళ్లో సర్దుకున్నారు. "నువ్వు ఆపినప్పుడల్లా ఒక పూట కలిసొచ్చింది ప్రేమరాజూ" అన్నారు.

అప్పుడు నీ సందేహం అడిగాను. నువ్వు రాసిందే నిజం. అది గెస్ట్ హౌస్ కాదు. "సూపు లేని ముసిల్ది ఒక్కర్తీ ఉంటే హెరాల్డ్‌కి నిద్దరట్టడం లేదు. మంచివాడు. ఆడే గది సూసినాడు. ఇంకెక్కడికీ కదలక్కర్లేదట" అన్నారు. ఆ మాట చెప్తున్నప్పుడు ఆవిడ గొంతు ఎలా ఉందంటే, మన ఆసుపత్రిలో ఎవరికైనా చెడ్డ కబురు చెప్పాల్సొచ్చినప్పుడు ఎలా ఉండేదో, అలా ఉంది.

నేను బహుమతులు మోస్తున్నాననుకున్నాను. ఆవిడ కాపరాన్ని మోస్తున్నాను. మీ నాన్న తెలివి ఇంతే.

నేను చేసేదేముంది? ఆవిణ్ణి దిగబెట్టి, కారు హెరాల్డ్ గారికి అప్పజెప్పి, ఆగస్టు నెలాఖరుకి వచ్చేస్తాను. నువ్వు బేగి వెళ్లి పిడికెడు బియ్యం ఆపించు. దీనమ్మక్కకి నువ్వే ఎలాగో నచ్చజెప్పు. నాకు ఎదురుగా చెప్పే ధైర్యం లేక సముద్రం ఇవతలి నుంచి చెప్పిస్తున్నాను.

ఇప్పుడు ఎవరు చెయ్యెత్తినా ఆగకుండా ఒక వేలెత్తి పోతున్నాను. ప్రయాణం బాగా సాగుతోంది. వెనక సీట్లో మాటలు మాత్రం తగ్గిపోయాయి.

ఎక్కడా ఆగని మీ నాన్న,
ప్రేమరాజు

*

నర్సీపట్నం,
3 ఆగస్టు 1979

నాన్నా,

వస్తున్నానన్న ఒక్క ముక్క చదివి, ముందు రాసిన కోపమంతా వెనక్కి తీసుకున్నాను. ఆ ఉత్తరం నీకు అందితే చింపెయ్యి.

బియ్యం ఆపడం నా వల్ల కాలేదు, అప్పటికే అమ్మేశారు. నీ ఉత్తరం అత్తకి వినిపించాను. నవ్వుతుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. చివరికి, "ఊరికే పలకరించడానికి అంత పైకి సెయ్యెత్తడమేటి, నోరు లేదా ఆళ్లకి?" అంది. పోనీ ఎవరి బియ్యం లెక్క వాళ్లకి తిరిగి ఇచ్చేద్దామన్నాను. ఒప్పుకోలేదు. "దేవుడి కుండలో పోసిన పిడికెడు మళ్లీ మన డబ్బాలో ఎలాగ పోస్తామే? అమెరికా రోడ్డు మీద సెయ్యెత్తినోళ్లకని ప్రార్థన సేసినాం. అలాటోళ్లని ఒక్కర్నైనా ఎతికి రమ్మను నీ బాబుని. దొరక్కపోతే ఆడే ఉండి ఎతకమను" అంది. ఇది హుకుం. నీ పాట్లు నువ్వు పడు.

డాక్టరమ్మ గారి గది గురించి అందరికీ చెప్పాను. అప్పయమ్మ ఒక్కర్తే, "ఆ ఊళ్లో ఆయమ్మకి తెలిసినోళ్లెవులైనా ఉన్నారా?" అని అడిగింది. నువ్వే రాయాలి.

మన ముందుగదికి సున్నం వేయించి, కొత్త తలుపు పెట్టించాను. వచ్చే నెల నుంచి అందులో ట్యూషన్లు మొదలుపెడతాను. వచ్చి నీ సామాను అక్కడ పెట్టకు.

నీ కూతురు,
కృపామణి

*

నెబ్రాస్కా రాష్ట్రం,
20 ఆగస్టు 1979

దీనమ్మక్క వెతికి రమ్మన్న మనిషి దొరికారమ్మా కృపా.

ట్యూషన్లు ఇంకా మొదలుపెట్టలేదు కదా? పెట్టకు. ఎందుకో చెప్తాను, కూర్చుని చదువు. నీ ఉత్తరాలు రెండూ, కోపంది, కోపం లేనిది, ఇక్కడ ఒకేసారి అందాయి. రెండూ దాచుకున్నాను.

హోమ్ చాలా మంచిది. అబద్ధం చెప్పకూడదు. శుభ్రమైన గది, కిటికీలోంచి చూస్తే కనుచూపు మేర మొక్కజొన్న. చూసుకునే మేట్రనమ్మ మెత్తటి మనిషి. వాళ్లే మేకు కొట్టి గోడ గడియారం తగిలించారు, బల్ల దీపం పెట్టారు. డాక్టరమ్మ గారు మంచం మీద కూర్చుని, "బాగుంది ప్రేమరాజూ, అంతా బాగుంది" అన్నారు. ఆ గదిలో చెప్పుకోవడానికి ఒక్క లోపం కూడా దొరకలేదమ్మా. అదే నాకు ఊపిరాడనివ్వలేదు.

ప్రార్థన చేసుకున్నాం. నేను సెలవు తీసుకుని కారెక్కాను. ఆవిడ రెయిలింగు పట్టుకుని మెట్ల మీదకొచ్చి నిలబడ్డారు. నేను కారు కదిపాను. ఆవిడ చెయ్యెత్తారు.

నేనిప్పుడు చదువుకున్నవాణ్ణి కదా. ఐయోవా వాళ్లు నేర్పినట్టు స్టీరింగు మీంచి ఒక్క వేలెత్తి, ముందుకి పోయాను. గేటు దాకా వెళ్లి అద్దంలో చూశాను. ఆ చెయ్యి ఇంకా దిగలేదు. ఈ ఊరివాళ్లు అంతసేపు ఎత్తరమ్మా. పలకరింపు అవగానే దించేసి వాళ్ల పని వాళ్లు చూసుకుంటారు. ఇన్ని వందల చేతులు చూసినవాణ్ణి, నాకు తెలీదా? అది మన ఘాటు రోడ్డు చెయ్యి. ఎడంకాలు ముందే లేని క్లచ్చి తొక్కేసింది. కుడికాలు బ్రేకు తొక్కింది.

వెనక్కి తోలాను. నేరుగా అయితే బాగానే తోలతాను కాని, వెనక్కి తోలేటప్పుడు ఈ స్టీరింగు ఇంకా నాకు అటుదిటుగానే ఉంది. వాళ్ల పూలమడి మీంచి వచ్చాను. దిగి వెనక తలుపు తీసి నిలబడ్డాను.

"ఏటి ప్రేమరాజూ, ఏటి మర్సిపోనావు?" అన్నారు.

"ఏమీ మర్చిపోలేదండి. మీరు చెయ్యెత్తారు."

"అది ఎల్లిరమ్మని. ఇక్కడి పద్ధతి నీకు సెప్పినారు కదా."

"చెప్పారండి. ఎక్కుతారా?"

ఆవిడ అప్పుడు తన చేతి వైపు చూసుకున్నారు. అదింకా పైనే ఉంది. దించడం మర్చిపోయారు.

"ఎక్కడికి?" అన్నారు.

"మన ఊరికండి. కృప ముందుగదికి సున్నం వేయించింది." క్షమించు తల్లీ, నిన్ను అడక్కుండా చెప్పేశాను. వెనక్కి తోలేటప్పుడే గది ఇచ్చేశాను.

"ఆడ ఉండడానికి ఆరు నెలలకి మించి కాగితాలియ్యరేమో. నా తిండికి, మందులకి ఎవులు సూస్తారు? కళ్లు లేవు నాకు. నానేటి పనికొస్తాను ఆడ?"

"ఎక్కించుకున్నాకే అడగాలని మీరే కదండీ చట్టం పెట్టారు" అన్నాను. "తిండి మాటంటారా, మా ఆడవాళ్లు రెండు నెలలుగా మీకోసమే పిడికెడు తీస్తున్నారు. మీకోసమని వాళ్లకే తెలీదు, అంతే."

మేట్రనమ్మ గుమ్మంలో నిలబడి మా ఇద్దర్నీ, పూలమడినీ చూస్తోంది. డాక్టరమ్మ గారు ఒక్కో మెట్టే దిగి, తలుపు తడుముకుని, వెనక సీట్లో ఎప్పుడూ కూర్చునే మూల కూర్చున్నారు. "గడియారం తేనాండీ?" అన్నాను.

"ఉండనీ. ఇక్కడోళ్లకి టైముతో పని" అన్నారు.

వెంటనే బయల్దేరిపోయామనుకోకు. హెరాల్డ్ గారికి ఫోను చేశాం. నన్ను తిడతారనుకుని రిసీవరు చెవికి దూరంగా పట్టుకున్నాను. ఆయన తిట్టలేదు. ప్రతి క్రిస్మస్‌కీ ఈవిడ నర్సీపట్నం వెళ్తానంటూనే ఉంది, అక్కడ చూసుకునేవాళ్లెవరూ లేరేమో అనుకున్నాను అన్నారు. ఢిల్లీ వాళ్ల అనుమతి కాగితాలు ఆయనే తెప్పిస్తారట. అవి వచ్చేదాకా ఆవిడ ఇక్కడే ఉంటారు, నేనూ పక్కనే పాస్టరు గారింట్లో ఉండి, ఆ పూలమడి మళ్లీ నాటుతున్నాను. ఆరు నెలలకి ఇస్తే ఆరు నెలలు. తర్వాతది తర్వాత అడుగుదాం. డాక్టరమ్మ గారు నిన్న మూడు పూటలా తిన్నారు.

కోపం వస్తే రాయి, రాకపోతే కూడా రాయి. ట్యూషన్లు వరండాలో పెట్టుకో, నేను పిల్లలకి నీళ్లందిస్తాను.

గది అడక్కుండా ఇచ్చేసిన మీ నాన్న,
ప్రేమరాజు

ఈ కబురు చెప్పవలసిన వాళ్లు. ముందు దీనమ్మక్కకి. మనిషి దొరికారనీ, వెనక సీట్లోనే కూర్చున్నారనీ రెండూ చెప్పు. బలిఘట్టంలో అప్పయమ్మకి, ఆవిడ అడిగిన ప్రశ్నకి జవాబు ఇదేనని. రావికమతంలో మా తాతబ్బాయి బావకి. నేనీ దేశంలో కారు నడుపుతున్నానంటే నమ్మనన్నాడు, పూలమడి సంగతి చెప్తే నమ్ముతాడు. యలమంచిలిలో మన క్రీస్తురాజు తమ్ముడికి, స్టేషన్‌కి కుర్చీ ఒకటి తీసుకురమ్మని, డాక్టరమ్మ గారు ఎక్కువసేపు నిలబడలేరు. ఆఖర్న జాన్ బాబుకి. యలమంచిలి స్టేషన్ బయట తెల్లజుట్టు ముసలావిడ ఒకరు బస్సుకి చెయ్యెత్తుతారు, ఊరికే పలకరిస్తున్నారనుకుని వెళ్లిపోవద్దని చెప్పు.